మత్తు వ్యసనం: దాచడం మానుదాం

ఈ తిరుత్తణి సీమలో పిల్లలకు తెలుగు అక్షరాలు దిద్దించిన మాస్టారి స్మృతిలో మాట్లాడమని పిలిచినందుకు కృతజ్ఞుణ్ణి. ఆయన పేరిట జరిగే సభలో పిల్లల క్షేమం కన్నా తగిన విషయం నాకు తోచలేదు. ఆ క్షేమానికి నేడు ముప్పు మత్తు.

1960 ఏప్రిల్ 1న మన తిరుత్తణి చిత్తూరు జిల్లాను విడిచి మద్రాసు రాష్ట్రంలో చేరింది. పాలన మారినా ఆంధ్రలోని నగరి, పుత్తూరు వాళ్ళతో మన వియ్యాలు ఆగలేదు. తిరుపతి రోడ్డు, అరక్కోణం–రేణిగుంట రైలు మార్గం మన మధ్య నుంచే పోతాయి. భక్తులూ, మగ్గం బట్టా నడిచే ఇలాంటి దారుల్లోనే గంజాయి పొట్లాలూ ప్రయాణిస్తున్నాయి. ఆంధ్ర–ఒడిశా మన్యంలో పండిన సరుకు తమిళనాడుకు చేరుతోందని ఏళ్ళ తరబడి కేసులు చెబుతున్నాయి. ఆంధ్ర పోలీసులు 2021లో ‘ఆపరేషన్ పరివర్తన’ పేరుతో తోటలు నరికారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర సుమారు 2 లక్షల కిలోల గంజాయిని తగలబెట్టారు. అయినా బేరం ఆగలేదు. కొనేవాడున్నంత కాలం అమ్మేవాడు మరో దారి వెతుక్కుంటాడు.

గంజాయి ఒక్కటే కాదు. 2019లో కేంద్ర ప్రభుత్వం వెలువరించిన సర్వే ప్రకారం దేశంలో మద్యం తాగేవారు సుమారు 16 కోట్లు. గంజాయి, భంగు వంటివి వాడేవారు 3.1 కోట్లు. 2024 జూన్‌లో కళ్ళకురిచ్చిలో మిథనాల్ కలిసిన కల్తీసారా 60 మందికి పైగా ప్రాణాలు తీసింది. నొప్పికి డాక్టరు రాసే టపెంటడాల్ మాత్రలను నీళ్ళలో కరిగించి సూదితో ఎక్కించుకునే కుర్రవాళ్ళూ ఉన్నారు. ఎదిగే వయసులో గంజాయికి అలవాటుపడితే చదువు, జ్ఞాపకశక్తి దెబ్బతింటాయి. కొందరికి మతిభ్రమణం కూడా వస్తుంది.

ఇంత తెలిసీ ఇంట్లోవాళ్ళు నోరు విప్పరు. అక్కకు సంబంధం తప్పిపోతుందని తమ్ముడి వ్యసనాన్ని దాస్తారు. దొంగచాటుగా అప్పులు తీరుస్తారు. ఆ మౌనమే అమ్మేవాడికి పెట్టుబడి.

వ్యసనం జబ్బు. దానికి వైద్యం ఉంది. ఏళ్ళ తరబడి తాగినవాణ్ణి గదిలో పెట్టి ఒక్కసారిగా మాన్పిస్తే ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. డాక్టరు పర్యవేక్షణ తప్పనిసరి. మద్రాసులో శాంతి రంగనాథన్ 1980లో స్థాపించిన టి.టి. రంగనాథన్ ఫౌండేషన్ ఈ వైద్యంలో కుటుంబాన్నీ కలుపుకుంది. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కూడా 20 కిలోలకు మించిన గంజాయితో పట్టుబడినవాడికి పదేళ్ళకు తగ్గని శిక్ష వేస్తూనే, తనంతట తానుగా గుర్తింపు పొందిన కేంద్రంలో చికిత్సకు వచ్చి దాన్ని పూర్తిచేసే వ్యసనపరుడికి, చిన్న మోతాదు కేసుల్లో 64ఎ సెక్షన్ కింద రక్షణ ఇస్తోంది. ఈ సంగతి ఎంతమంది తల్లులకు తెలుసు?

మన ఉత్తరాన నెల్లూరు సీమలో, దూబగుంటలో, చదువు నేర్చుకుంటున్న ఆడవాళ్ళు సారాను గడప దాటించి వీధిలో నిలదీశారు. ఆ ఉద్యమం పెరిగి, 1993 అక్టోబరు 1న ఆంధ్రప్రదేశ్ సారాను నిషేధించింది. ఇంటి బాధను ఊరి సమస్యగా చెప్పుకోవడంతోనే ఆ విజయం మొదలైంది.

కాబట్టి నా విన్నపాలు మూడు. మత్తు అమ్మేవాడి సమాచారం పంచాయతీలు, బడులు పోలీసులకు ఇవ్వాలి. తిరువళ్ళూరు, తిరుత్తణి ప్రభుత్వ ఆసుపత్రుల్లో తమిళంతో పాటు తెలుగులోనూ సలహా చెప్పేవారుండాలి. తల్లిదండ్రులు పరువు పక్కనపెట్టి, వ్యసన విముక్తి సహాయవాణి 14446కు ఫోన్ చేయాలి. బిడ్డ కన్నా పరువు గొప్పది కాదు.