కారుపై సైకిలు: క్యారియరు నెన్నుకొను విధము

(రాయకోటలో తల్లిదండ్రుల సమావేశమున చేసిన ప్రసంగము)



ఇట్టి సభలలో భాషను గూర్చియు, పరీక్షలను గూర్చియు ప్రసంగములు జరుగుట వాడుక. నేడు నేను ఎత్తుకొనిన విషయము చిన్నదిగా తోచవచ్చును. కారుమీద సైకిలును తీసికొనిపోవుటకు ఎట్టి క్యారియరును ఎన్నుకొనవలెను? ఇదియే నా విషయము. సైకిలు వెనుక పుస్తకముల సంచి పెట్టుకొను దానికిని క్యారియరనియే పేరు గదా. నేను చెప్పబోవునది అది కాదు. కారునకు బిగించి, సైకిలునే మోయించు ఇనుప చట్రమును గూర్చి చెప్పుచున్నాను.

మన బిడ్డలకు సైకిలు ఆటవస్తువు కాదు. అది బడికి పోవు దారి. తమిళనాడు ప్రభుత్వము 2001-02లో 11వ తరగతి చదువు షెడ్యూల్డు కులముల, తెగల బాలికలకు ఉచితముగా సైకిళ్లను ఇచ్చుట ప్రారంభించి, 2005-06లో ప్రభుత్వ పాఠశాలలలోను, ప్రభుత్వ సహాయము పొందు పాఠశాలలలోను ఆ తరగతి చదువు బాలబాలికలందరికిని దానిని విస్తరింపజేసెను. బీహారు రాష్ట్రములో 2006లో బాలికలకు ఇట్టి పథకమే వచ్చెను. దాని ఫలితములను కార్తీక్ మురళీధరన్, నిశీథ్ ప్రకాశ్ అను ఆర్థికశాస్త్రజ్ఞులు పరిశోధించి, ఉన్నత పాఠశాలలో తగిన వయస్సున చేరు బాలికల ప్రవేశము 32 శాతము పెరిగినట్లు కనుగొనిరి. సైకిలు ఉన్న బిడ్డ చదువు మానదు. లేని బిడ్డ దూరమునకు వెరచి మానును. ఇంతటి వస్తువును ఒక ఊరినుండి మరియొక ఊరికి చేర్చుట తల్లిదండ్రులకు అప్పుడప్పుడు తప్పని పని యగుచున్నది. పై తరగతులకై బిడ్డ హోసూరులోనో కృష్ణగిరిలోనో బంధువుల ఇంట ఉండవలసి వచ్చును. వేసవి సెలవులకు కుప్పము ప్రక్కనున్న అమ్మమ్మగారి ఊరికి పోవలసి వచ్చును. కుప్పములో 1997లో స్థాపితమైన ద్రావిడ విశ్వవిద్యాలయమునకు చదువ బోయెడివారును కలరు.

పూర్వము బస్సుల పైకప్పున ఇనుప కమ్ములును, వెనుక నిచ్చెనయు ఉండెడివి. క్లీనరు సైకిలును పైకెత్తి కట్టెడివాడు. ఇప్పటి బస్సులలో పెక్కింటికి ఆ వసతి లేదు. బెంగళూరులో 2021లో నగర బస్సులు కొన్నింటికి ముందుభాగమున రెండు సైకిళ్లు పట్టు చట్రములను అమర్చిరి గాని, మన పల్లె మార్గములకు అట్టివి రాలేదు. కావున బంధువుల కారో, అద్దె కారో దిక్కగుచున్నది. అప్పుడు ఇంట ఉన్న నైలాను త్రాడు తెచ్చి, కారు టాపుపై సైకిలును పరుండబెట్టి, తలుపుల సందున త్రాడు దూర్చి ముడివేయుదురు. ఇది ప్రమాదకరము. సైకిలు జారిపడినచో నష్టపోవునది మన సైకిలు మాత్రమే కాదు. మన వెనుక మోటారు సైకిలుపై వచ్చు మనుష్యుడు ప్రాణము కోల్పోవచ్చును. హోసూరునుండి రాయకోట, పాలకోడుల మీదుగా ధర్మపురి వైపు పోవు రహదారిపై లారీలు, టమాట బండ్లు, ద్విచక్ర వాహనములు ఎంత ఒత్తుగా పోవునో మీకు నేను చెప్పనక్కరలేదు.

క్యారియరును కొనబోవువారు అంగడికి పోవుటకు ముందు ఇంటిలో రెండు పనులు చేయవలెను. మొదటిది సైకిలును తూచి, కొలుచుట. మన ఊళ్లలో వాడు పెద్ద సైకిలు, మడ్‌గార్డులు, చైను కవరు, స్టాండు, బుట్ట అన్నియు కలిపి సుమారు 20 కిలోలు తూగును. దాని పొడవు ఆరడుగులకు కొంచెము మించును. చిన్నపిల్లల సైకిలు నాలుగున్నర అడుగుల పొడవుండును. రెండవ పని, కారుతో ఇచ్చిన పుస్తకమును తీసి, టాపుపై ఎంత బరువు పెట్టవచ్చునో చూచుట. చిన్న కార్లకు ఇది 50 కిలోల ప్రాంతమున ఉండుట కద్దు. కొన్నింటికి తక్కువ, కొన్నింటికి ఎక్కువ. మీ కారు పుస్తకములో ఉన్న అంకెయే మీకు ప్రమాణము.

ఆ అంకెలో క్యారియరు బరువుకూడ చేరునని పలువురు గ్రహింపరు. అడ్డకడ్డీలు రెండు 5 కిలోలు, ఒక్కొక్క సైకిలును పట్టు పళ్లెము 4 కిలోలు అనుకొందము. ఒక పెద్ద సైకిలుతో మొత్తము 29 కిలోలగును. రెండు సైకిళ్లు పెట్టినచో 53 కిలోలగును. పరిమితి 50 కిలోలైన కారుపై ఒక సైకిలు క్షేమము, రెండవది అపాయము. ఎనిమిదవ తరగతి బిడ్డ చేయదగిన కూడిక ఇది. దీనిని చేయక సైకిళ్లను ఎక్కించుట తగదు.

ఇక క్యారియరుల రకములు. ముఖ్యముగా మూడు.

మొదటిది టాపుపై బిగించునది. ఇందు సైకిలు నిలువుగా నిలుచును. వెనుక అద్దము, దీపములు, నంబరు ప్లేటు, డిక్కీ తలుపు దేనికిని అడ్డము రాదు. ఇది దీని గొప్ప సుగుణము. కాని సైకిలును తలకంటె ఎత్తునకు లేపవలెను. వృద్ధులకు, ఒంటరిగా పోవు తల్లులకు అది కష్టము. అంతేకాక కారు ఎత్తునకు సైకిలు ఎత్తు కలిసి సుమారు తొమ్మిది అడుగులగును. రైలుకట్ట క్రింది దారులు, ఇంటి పోర్టికో, చింతకొమ్మలు, వాహనములు నిలుపు చోటుల అడ్డుకమ్ములు, వీటిని మరచి దూరినచో సైకిలును, కారు టాపును రెండును చెడును. కొన్ని పళ్లెములలో ముందుచక్రమును ఊడదీసి ఫోర్కును బిగించుదురు. అది మీటతో ఊడు చక్రములకు అనుకూలము. మన సైకిళ్ల చక్రములు నట్లతో బిగింపబడినవి, స్పానరు లేక రావు. కావున చక్రమును ఊడదీయక, సైకిలు క్రిందిబారునో, చక్రమునో పట్టు రకము మనకు మేలు. చక్రమును పట్టు రకము కొనునప్పుడు, మడ్‌గార్డు అడ్డువచ్చునేమో సైకిలును అంగడికి తీసికొనిపోయి చూడవలెను.

రెండవది డిక్కీ తలుపునకు పట్టీలతో తగిలించునది. వెల తక్కువ, ఎత్తు శ్రమ తక్కువ. అందుచే ఎక్కువమంది దీనినే కోరుదురు. దీనికి మూడు చిక్కులు కలవు. ఒకటి, దీని చేతులపై సైకిలు పైబారు ఆనవలెను. బాలికలకు ఇచ్చు లేడీస్ సైకిలునకు ఆ పైబారు లేదు. సీటు గొట్టమునకును హ్యాండిలు గొట్టమునకును నడుమ బిగించు విడి కడ్డీ ఒకటి దొరకును. అది లేక లేడీస్ సైకిలును వ్రేలాడదీయరాదు. రెండు, ఈ రకముపై సైకిలు కారునకు అడ్డముగా ఉండును. చిన్న కారు వెడల్పు ఐదున్నర అడుగుల ప్రాంతమున ఉండును. ఆరడుగుల సైకిలు రెండు ప్రక్కలను బయటికి పొడుచుకొని వచ్చును. మోటారు వాహనముల చట్టము, 1988లోని 194వ సెక్షనునకు 2019లో చేర్చిన (1ఎ) ఉపసెక్షను ప్రకారము, బండిమీది సరకు బండి ప్రక్కలను దాటి బయటికి వచ్చినచో 20,000 రూపాయల జరిమానా. జరిమానా మాట అటుండనిండు. ప్రక్కనుండి దాటిపోవువాని మోకాలికి మన సైకిలు హ్యాండిలు తగులునేమో యోచింపుడు. ముందుచక్రము ఊడదీసినగాని పెద్ద సైకిలు ఇందు ఇముడదు. చిన్నపిల్లల సైకిలు చక్కగా ఇముడును. మూడు, నంబరు ప్లేటును, ఎఱ్ఱ దీపములను సైకిలు కప్పివేయును. 2019 ఏప్రిల్ నుండి వచ్చిన కొత్త వాహనములకు ప్రభుత్వము నియమించిన ప్రత్యేక ప్లేటులే ఉండవలెను గనుక, అట్టపై నంబరు వ్రాసి తగిలించుట చాలదు. సైలెన్సరు గొట్టమునకు ఎదురుగా టైరు ఉండకుండునట్లును చూచుకొనవలెను. ఆ వేడికి రబ్బరు చెడును.

మూడవది కారు చట్రమునకే బిగించిన లాగుడు కొక్కెముపై నిలుచునది. ఐరోపా, అమెరికా దేశములలో ఇది విరివిగా ఉన్నది. బరువైన సైకిళ్లకు ఇదియే మిక్కిలి దృఢము. మన చిన్న కార్లకు అట్టి కొక్కెము అరుదు. కొందరు వెల్డింగు అంగడిలో ఇనుపకమ్మీలతో ఒక చట్రము చేయించి బంపరునకు తగిలించ జూతురు. ఇది చేయరాని పని. ఇప్పటి బంపరు పైతొడుగు ప్లాస్టికు. అది బరువు మోయుటకు చేసినది కాదు.

ఏ రకము కొన్నను, కట్టు విధమే ప్రధానము. రాయకోట టమాట అంగడిలో పెట్టెలు పేర్చి కట్టువారిని మీరు చూచియున్నారు. ఒక పెట్టెను ఊపిన బండి అంతయు ఊగవలెను గాని ఆ పెట్టె విడిగా కదలరాదు. సైకిలునకును అదే పరీక్ష. కట్టిన పిమ్మట హ్యాండిలు పట్టుకొని గట్టిగా ఊపుడు. కారు ఊగినచో కట్టు మంచిది. సైకిలు మాత్రమే ఊగినచో విప్పి మరల కట్టుడు. పాత సైకిలు ట్యూబుతో కట్టుట మన ఊళ్లలో వాడుక. ట్యూబు సాగును, సాగునది సరకును పట్టియుంచదు. నైలాను త్రాడు ముడి అదురునకు జారును. మీటతో బిగించు పట్టీలు కొనుడు. వాటి కొసలను గాలికి కొట్టుకొనకుండ ముడిచి దోపుడు. బుట్ట, గాలిపంపు, తాళము, నీళ్లసీసా ముందే ఊడదీసి కారు లోపల పెట్టుడు. ఊరు దాటి కొంతదూరము పోయిన వెంటనే బండి నాపి, పట్టీలను మరల బిగింపుడు. ఎంత బాగుగా కట్టినను మొదటి అదురులకు అవి కొంత సడలును.

వేగమును గూర్చి ఒక మాట. వేగము రెండింతలైనచో గాలి తాకిడి నాలుగింతలగును. కారునకు గట్టిగా బ్రేకు వేసినప్పుడు 20 కిలోల సైకిలు సుమారు 15 కిలోల బలముతో ముందునకు నెట్టుకొనును. కావున క్యారియరు పత్రములో వ్రాసిన వేగమును మించరాదు. పని తీరిన వెంటనే క్యారియరును విప్పి ఇంట పెట్టుడు. ఉత్త క్యారియరుతో తిరిగినను గాలి అడ్డి పెట్రోలు అధికముగా ఖర్చగును.

ఇదియంతయు విని, ఇంత శ్రమ మనకేల అని మీకు తోచవచ్చును. అదియును సరియైన ఆలోచనయే. ఏడాదికి ఒకసారి మాత్రమే సైకిలును తరలింపవలసినవారు క్యారియరు కొనకుండుటయే మేలు. వెనుక సీటు మడిచి, ముందుచక్రము ఊడదీసి, పాత దుప్పటి పరచి, సైకిలును కారు లోపలనే పెట్టవచ్చును. నలుగురైదుగురు తల్లిదండ్రులు కలిసి, మన ప్రాంతమున కుట్టియానై అని పిలుచు చిన్న సరకు బండిని మాటాడుకొనినచో, బిడ్డల సైకిళ్లన్నియు ఒకే దఫా చేరును. సంవత్సరమున పలుమారులు తిరుగువారే క్యారియరును కొనవలెను. కొన్నచో మంచిదే కొనవలెను.

కడపట ఒక మనవి. ఈ క్యారియరులతో వచ్చు పత్రములు తరచు ఆంగ్లమున ఉండును, తెలుగున కానరావు. ఎంత బరువు, ఎంత వేగము, ఏ పట్టీ ఎచ్చట అను ముఖ్యమైన మాటలన్నియు అందుండును. చదువలేని తండ్రి దానిని మడిచి పెట్టి, త్రాడు చేత పట్టుకొనును. మన పిల్లలు ఆంగ్లము చదువగలరు, తెలుగు వ్రాయగలరు. అట్టి పత్రము నొకదానిని పై తరగతి విద్యార్థులు ఉపాధ్యాయుల సాయముతో తెలుగున వ్రాసి పాఠశాల గోడకు అంటించినచో, ఒక ఇంటి ప్రాణమునైనను కాపాడవచ్చును. బిడ్డ బడిలో నేర్చిన భాష తల్లిదండ్రుల క్షేమమునకు పనికివచ్చినప్పుడు, ఆ భాష ఏల నేర్వవలెనని ఎవరును అడుగరు. అట్లే సంఘమువారు మంచి పట్టీలు రెండు జతలు, లేడీస్ సైకిలునకు కావలసిన విడి కడ్డీ ఒకటి కొని పాఠశాలలో ఉంచి, కావలసినవారికి ఎరువిచ్చినచో మేలగును. ఇది పెద్ద ఖర్చు కాదు.

సైకిలును మన బిడ్డకొరకు తీసికొనిపోవుచున్నాము. మన వెనుక బండిపై వచ్చువాడును ఒక తల్లి బిడ్డయే. అతనిని మనసున నుంచుకొని క్యారియరును ఎన్నుకొనుడు, పట్టీని బిగింపుడు.