బంతి విసిరే చెయ్యి, సంతకం పెట్టే చెయ్యి

(యువజన శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ పూట మేము బేస్‌బాల్ గురించి మాట్లాడబోతున్నాం. నవ్వకండి. మన ఊళ్ళో లేని ఆట గురించి ఈ మాస్టారి గోలేమిటని కొందరనుకుంటారు. నిజమే, అది అమెరికా వాళ్ళ ఆట. మన క్రికెట్‌కి దాయాది. ఒకడు బంతి విసురుతాడు, ఇంకొకడు గుండ్రటి కర్రతో కొడతాడు. విసిరేవాణ్ణి పిచ్చర్ అంటారు. అంత తెలిస్తే చాలు. మేము చెప్పేది ఆట నియమాల గురించి కాదు. చెయ్యి బాగా తిరిగే పిల్లోణ్ణి ఎవరు చూస్తారు? ఎవరు వెల కడతారు? ఎవరు కాగితం తెచ్చి ముందర పెడతారు? ఆ పూట పిల్లోడి పక్కన ఎవరు నిలబడాలి? ఇదీ మా సంగతి.

మనకెందుకంటారా? మన పిల్లల దాకా వచ్చింది గనకనే. 2008లో ఉత్తరప్రదేశ్‌లో ఇద్దరు పేదింటి కుర్రోళ్ళు, రింకూ సింగ్, దినేష్ పటేల్, ఈటె విసిరేవాళ్ళు. రింకూ తండ్రి లారీ డ్రైవరు. అమెరికా ఏజెంటు ఒకాయన వచ్చి ‘మిలియన్ డాలర్ ఆర్మ్’ అని పోటీ పెట్టాడు. పది లక్షల డాలర్ల చెయ్యి అని అర్థం. గెలిచిన రింకూకి దక్కింది లక్ష డాలర్లు. ఆ ఏడే నవంబరులో పిట్స్‌బర్గ్ పైరేట్స్ జట్టు ఇద్దరితోనూ సంతకాలు చేయించుకుంది. 2010లో దినేష్‌ని వదిలేశారు. రింకూ 2016 దాకా ఆ సంస్థలోనే ఉన్నాడు గానీ దెబ్బలు తగిలి పై లీగు మెట్టెక్కలేదు. 2018లో కుస్తీ పోటీల కంపెనీలో చేరాడు. వాళ్ళ మీద 2014లో సినిమా కూడా వచ్చింది. సినిమా సంతకాల దగ్గర అయిపోయింది. బతుకు అక్కడ అయిపోదు గదా!

అందుకని సంతకానికి ముందూ, సంతకం తర్వాతా ఏముందో చూద్దాం.

అమెరికాలో హైస్కూళ్ళలో బేస్‌బాల్ ఆడే పిల్లలు నాలుగున్నర లక్షలకు పైనే. పై లీగులో జట్లు 30. ఏటా జూలైలో డ్రాఫ్టు పెట్టి, వంతుల వారీగా పిల్లల్ని ఎంచుకుంటారు. 1965లో మొదలైన పద్ధతి ఇది. ఒకప్పుడు 40 రౌండ్లు ఉండేవి. 2021 నుంచి 20 రౌండ్లే. అంటే ఏడాదికి ఆరు వందల పైచిలుకు మంది. అందులో సగానికి మించి కాలేజీ నుంచి వచ్చేవాళ్ళే. మరి హైస్కూలు దాటిన మిగతా లక్షల మంది ఏం కావాలి? ఇక్కడే చదువు మాట వస్తుంది.

స్కౌటు అని ఒకడుంటాడు. జట్టు తరఫున ఊరూరూ తిరిగి పిల్లల్ని చూసేవాడు. ఒక చేతిలో బంతి వేగం కొలిచే మిషను, ఇంకో చేతిలో నోటుబుక్కు. కొట్టడం, బలంగా కొట్టడం, పరిగెత్తడం, విసరడం, పట్టడం, ఈ అయిదింటికీ 20 నుంచి 80 దాకా మార్కులు వేస్తాడు. 50 అంటే పై లీగులో సగటు ఆటగాడు. సంతలో ఎద్దుకి పళ్ళు చూసినట్టు చూస్తాడు. అతని ఉద్యోగమే అది, అతన్ని తిట్టి లాభం లేదు. కానీ ఒక్కటి గుర్తు పెట్టుకోవాలి. స్కౌటు ఎంత నవ్వుతూ మాట్లాడినా అతను జట్టు మనిషి, జీతమిచ్చేది జట్టు. పిల్లోడి మనిషి వేరే ఉండాలి.

పిల్లోడి ముందు రెండు దార్లు. ఒకటి కాలేజీ, రెండోది నేరుగా జట్టు.

కాలేజీ దారి చూద్దాం. మంచి ఆటగాడికి చదువంతా ఫ్రీ అని జనం అనుకుంటారు. బేస్‌బాల్‌లో అది చాలా వరకు భ్రమ. 2025 దాకా మొదటి అంచె కాలేజీ జట్టుకి ఇచ్చింది 11.7 స్కాలర్‌షిప్పులు. జట్టులో ముప్పై మందికి పైగా. పదకొండున్నర రొట్టెలు ముప్పై మందికి పంచినట్టు! ఒకడికి సగం, ఒకడికి పావు, కొందరికి సున్నా. 2025 జూన్‌లో కోర్టు ఒప్పుకున్న రాజీ ప్రకారం, ఆ రాజీలో చేరిన కాలేజీల్లో జట్టుకి 34 మందే ఉండాలి, అందరికీ స్కాలర్‌షిప్పు ఇవ్వొచ్చు. ఇవ్వొచ్చు అన్నారు, ఇచ్చి తీరాలి అనలేదు. డబ్బున్న కాలేజీ ఇస్తుంది, లేనిది ఇవ్వదు. పైగా చోట్లు తగ్గాయి. మూడో అంచె కాలేజీల్లో ఆట పేరుతో స్కాలర్‌షిప్పే లేదు. అక్కడ మార్కులు చూసీ, ఇంటి పేదరికం చూసీ సాయం చేస్తారు. అందుకే మార్కులున్న పిల్లోడికి నాలుగు తలుపులుంటే, ఉత్త చెయ్యి ఉన్నవాడికి ఒకటే తలుపు.

మొదటి అంచె కాలేజీలో ఆడాలంటే హైస్కూల్లో ఇంగ్లీషు, లెక్కలు, సైన్సు, సోషల్ వంటి ముఖ్య సబ్జెక్టులు 16 కోర్సులు పాసవ్వాలి. నాలుగు పాయింట్లకి 2.3 సగటు రావాలి. 16లో పది కోర్సులు ఆఖరి ఏడు మొదలయ్యే లోపే అయిపోవాలి. ఈ సంగతి ఆఖరి ఏట తెలిస్తే ఏం లాభం? బంతి తొంభై మైళ్ళ వేగంతో వేసినా కాలేజీ గేటు తెరుచుకోదు. చదువుకున్న ఇంట్లో ఈ లెక్క తొమ్మిదో క్లాసులోనే అమ్మా నాన్నా చెప్తారు. మొదటిసారి బడికెళ్ళిన ఇంట్లో ఎవరు చెప్తారు? మా ఇళ్ళల్లో డిగ్రీ గడప తొక్కిన మొదటి తరం మేము. ఫారం ఎక్కడ దొరుకుతుందో, ఆఖరి తేదీ ఎప్పుడో చెప్పే మనిషి లేకపోవడం ఏమిటో మాకు తెలుసు. తెలివి లేక కాదు, కబురు అందక వెనకబడతారు.

ఇంకో మాట. కోచ్ నోటి మాటగా “నీకు చోటుంది” అంటే అది వాగ్దానం కాదు. రెండు వైపులా ఎవరికీ కట్టుబాటు లేదు. రాతపూర్వకంగా ఆర్థిక సాయం కాగితం చేతికొచ్చాకే నమ్మాలి. “మా క్యాంపుకి రండి” అని ఉత్తరం వస్తే పొంగిపోకూడదు. అలాంటివి వందల మందికి వెళ్తాయి, క్యాంపుకి ఫీజు కట్టాలి. పిల్లల్ని స్కౌట్లకి చూపిస్తామని షోకేసులు పెడతారు, దానికీ వందల డాలర్లు. ఊళ్ళు తిరిగి ఆడే ప్రైవేటు జట్లకి ఇంకా ఖర్చు. డబ్బున్నవాడి కొడుకు పది చోట్ల కనపడతాడు, లేనివాడు ఒక్క చోటా కనపడడు. తర్వాత “వీడిలో ప్రతిభ లేదు” అంటారు! ప్రతిభ లేదా, బస్సు చార్జీ లేదా?

ఇది ఊరికే అంటున్న మాట కాదు. అమెరికాలో నల్లవాళ్ళని 1947 ఏప్రిల్ 15 దాకా పై లీగులోకి రానివ్వలేదు. ఆ రోజు జాకీ రాబిన్సన్ అడుగు పెట్టాడు. 1981 నాటికి ఆటగాళ్ళలో నల్లవాళ్ళు నూటికి 18 మందికి పైనే. 2024 సీజను మొదలైన రోజు లెక్క చూస్తే నూటికి ఆరుగురు. అడ్డుగా రాసిన చట్టమేమీ లేదు. అడ్డు ఫీజు రూపంలో వచ్చి కూర్చుంది. దీన్ని ముందే పసిగట్టినవాడు జాన్ యంగ్, ఆయనే ఒక స్కౌటు. 1989లో లాస్ ఏంజిలిస్ పేటల్లో పిల్లలకి ఆట నేర్పే కార్యక్రమం మొదలుపెట్టాడు. కనపడని పిల్లల్ని కనపడేలా చెయ్యాలంటే ఎవరో ఒకరు పూనుకోవాలి, వాళ్ళంతట వాళ్ళు కనపడరు.

రెండో దారి నేరుగా జట్టు. హైస్కూలు అయినవాణ్ణి ఎంచుకోవచ్చు. వాడు సంతకం చెయ్యకుండా నాలుగేళ్ళ కాలేజీలో చేరితే మూడో ఏడు అయ్యేదాకా, లేదా 21 ఏళ్ళు నిండేదాకా మళ్ళీ ఎంచుకోరు. రెండేళ్ళ జూనియర్ కాలేజీలో చేరితే ఏటా ఎంచుకోవచ్చు. సంతకం చేస్తే మాత్రం కాలేజీ బేస్‌బాల్ తలుపు మూసుకున్నట్టే. సంతకం చేసినంత మాత్రాన పై లీగులో ఆడతాడా? కాదు. కింద నుంచి నాలుగైదు మెట్లు ఎక్కాలి. ఎక్కువ మంది మధ్యలోనే రాలిపోతారు.

ఆ కింది మెట్ల మీద కూలి ఎంతో తెలుసా? 2022లో అన్నిటికన్నా అడుగు మెట్టులో ఏడాదికి 4,800 డాలర్లు! అమెరికాలో అది ఇంటద్దెకి కూడా చాలదు. ఆటగాళ్ళు 2014లోనే కోర్టుకెళ్ళారు. 2018లో వాళ్ళకి కనీస కూలి చట్టం వర్తించకుండా మినహాయింపు తెచ్చారు. అయినా వదల్లేదు. 2022లో 18 కోట్ల 50 లక్షల డాలర్లకి కేసు రాజీ అయింది. అదే ఏడు వాళ్ళు యూనియన్‌లో చేరారు. 2023 ఒప్పందంతో అడుగు మెట్టు జీతం 19,800కి, పై లీగుకి ఒక్క మెట్టు కిందున్నవాళ్ళ జీతం 17,500 నుంచి 35,800కి పెరిగింది. అడగందే అమ్మయినా పెట్టదంటారు. వీళ్ళు అడిగారు, కలిసి అడిగారు.

అంతకు ముందు ఒంటరిగా అడిగినవాడూ ఉన్నాడు. కర్ట్ ఫ్లడ్. ఒక జట్టు తనని ఇంకో జట్టుకి మార్చేస్తే, 1969 డిసెంబరులో లీగు పెద్దకి ఉత్తరం రాశాడు. నేను కొనుక్కునే, అమ్ముకునే సరుకుని కానని అందులో సారాంశం. సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 1972లో ఓడిపోయాడు. ఆటా పోయింది. కానీ 1975లో మరో ఇద్దరి కేసులో ఆ కట్టు తెగింది. ఈనాటి ఆటగాడి కోట్ల వెనక అతని చెమట ఉంది.

ఇక డొమినికన్ రిపబ్లిక్ సంగతి. కరీబియన్ దీవిలో చిన్న దేశం. అక్కడి పిల్లలకి డ్రాఫ్టు లేదు. పదహారేళ్ళకే సంతకం చేయించుకుంటారు. ముప్ఫై జట్లకీ అక్కడ అకాడమీలున్నాయి. పిల్లోణ్ణి పన్నెండు, పదమూడేళ్ళకే చేరదీసి, తిండి పెట్టి, ఆట నేర్పేవాణ్ణి ‘బుస్కోన్’ అంటారు, వెతికేవాడని అర్థం. సంతకం రోజున వచ్చిన సొమ్ములో నూటికి ముప్ఫై, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ అతనిది. మన కూలీల గుంపు మేస్త్రీ గుర్తొస్తున్నాడా? అడ్వాన్సు ఇస్తాడు, పని చూపిస్తాడు, వాటా పట్టుకుంటాడు. వాళ్ళల్లో మంచివాళ్ళూ ఉన్నారు, పిల్లోణ్ణి కొడుకులా చూసినవాళ్ళు. కానీ బడి మానేసిన పదమూడేళ్ళ పిల్లోడికి పదహారేళ్ళకి సంతకం కుదరకపోతే వాడి చేతిలో ఏముంటుంది? బంతి ఉంటుంది. బంతి అన్నం పెట్టదు.

అన్నీ సరిగ్గా ఉన్నా ఏమవుతుందో కూడా చూడండి. కుమార్ రాకర్ అనే పిచ్చర్ ఉన్నాడు. తండ్రి నల్లజాతి అమెరికన్, తల్లి పేరు లలిత, ఆమె తల్లిదండ్రులు మన దేశం నుంచి వెళ్ళినవాళ్ళు. 2018లో హైస్కూలు అవగానే 38వ రౌండులో ఎంచుకుంటే వద్దని కాలేజీకి వెళ్ళాడు. 2019లో కాలేజీ ఛాంపియన్‌షిప్పులో మేటి ఆటగాడయ్యాడు. 2021లో న్యూయార్క్ మెట్స్ పదో వాడిగా ఎంచుకుని 60 లక్షల డాలర్లకి మాట ఇచ్చింది. డాక్టర్లు చెయ్యి చూశాక సంతకం చెయ్యకుండా వదిలేసింది. తర్వాత భుజానికి ఆపరేషన్. 2022లో టెక్సాస్ మూడో వాడిగా తీసుకుని 52 లక్షలకి సంతకం చేయించుకుంది. 2023లో మోచేతికి ఆపరేషన్. 2024 సెప్టెంబరులో పై లీగులో మొదటి ఆట ఆడాడు. వెనక ఇల్లుంది, చదువుంది, ఏజెంటున్నాడు గనక నిలబడ్డాడు. ఇవేవీ లేనివాడైతే 2021లోనే కథ ముగిసేది. ఏకలవ్యుడి బొటనవేలు అడిగి తీసుకున్నారు. ఇప్పుడు అడగరు, స్కానింగ్ తీస్తారు.

అందుకని పిల్లోడి పక్కన నిలబడే మనిషి ఏం చెయ్యాలి? టీచరైనా, అన్నయినా, సంఘం మనిషైనా ఇవి అడగాలి.

ఒకటి. ఇస్తామన్న సాయం ఎంత, ఎన్నేళ్ళు, మిగతాది ఎవరు కట్టాలి? కాగితం మీద రాయించుకోవాలి.

రెండు. చెయ్యి దెబ్బతింటే ఆ సాయం ఉంటుందా, పోతుందా? వైద్యం ఖర్చు ఎవరిది?

మూడు. మీ జట్టులో ఇప్పటికే ఎంతమంది పిచ్చర్లున్నారు? ఉన్నవాళ్ళని పక్కకి తోసి కొత్తవాళ్ళని తెచ్చే అలవాటుందా?

నాలుగు. జట్టుతో నేరుగా సంతకం చేసేటప్పుడు, ఆట అయిపోయాక చదువుకునేందుకు ఇంత సొమ్ము అని ఒప్పందంలో రాయించుకునే వీలుంది. ఆ అంకె రాయకుండా సంతకం చెయ్యకూడదు.

అయిదు. మధ్యలో ఉన్న మనిషికి ఎంత పోతుంది? అతను ఎవరి దగ్గర జీతం తీసుకుంటున్నాడు?

ఆరు. అన్నిటికన్నా ముందు, ఈ ఏడు మార్కులెంత?

మిత్రులారా, మన ఊళ్ళ నుంచి వెళ్ళినవాళ్ళ పిల్లలు ఇవాళ ఆ దేశం బళ్ళలో చదువుతున్నారు. మీ చుట్టాలెవరైనా ఉంటే ఈ మాటలు చెప్పండి. ఇక్కడున్న మనకీ పనికొస్తాయి. రేపు కబడ్డీకో, పరుగుకో, క్రీడా హాస్టలుకో మీ పిల్లని ఎంచుకున్నామని ఎవరో వస్తారు. సంతోషించండి, పంపించండి. పిల్లల కాళ్ళకి అడ్డం పడమని మేము చెప్పడంలేదు. ఆడనివ్వండి, గెలవనివ్వండి. కానీ ఆ కాగితం ఇంటికి తెచ్చి, చదివినవాడి చేత చదివించి, పై ఆరు ప్రశ్నలూ అడిగాకే వేలిముద్రో సంతకమో పెట్టండి. “ఇప్పుడే పెట్టాలి, రేపైతే చోటుండదు” అని తొందరపెట్టేవాడి దగ్గర ఇంకో పూట ఆగండి.

ప్రతి ఊళ్ళో ఒక నోటుపుస్తకం పెట్టండి. ఏ పిల్ల ఏ ఆట ఆడుతుంది, ఏ క్లాసు, ఎన్ని మార్కులు, ఏ ఎంపిక ఎప్పుడు, ఏ కాగితం కావాలి, రాసి పెట్టండి. పదో తరగతి పాసైన పిల్ల ఎవరైనా చెయ్యగల పనే. వచ్చే తరగతికి ఆ పుస్తకాలు వెంట తెండి, కూర్చుని చూద్దాం.