మనిషికి విలువ ఎక్కడిది?

వాక్యభాగములు: 2 దినవృత్తాంతములు 26:1–23; యెషయా 6:1–8

ఈ ప్రసంగము వింటున్న మీలో పరీక్ష తప్పిన బిడ్డ ఉండవచ్చు. పని పోయి ఇంటిలో తలదించుకున్న తండ్రి ఉండవచ్చు. కట్నము తేలేదని రోజూ మాటలు పడుచున్న కోడలు ఉండవచ్చు. "నాకేమి విలువ?" అని మీ హృదయము అడుగుచున్నదా? ఇద్దరు మనుష్యుల జీవితములను చూద్దాము.

మొదటివాడు యూదా రాజైన ఉజ్జియా. 16 ఏండ్ల వయస్సులో రాజై 52 సంవత్సరములు ఏలెను. బురుజులు కట్టించెను, బావులు త్రవ్వించెను. అతని సైన్యము 3,07,500 మంది. దేవుని ఆశ్రయించినంత కాలము వర్ధిల్లెను. అయితే బలపడిన తరువాత గర్వించెను. యాజకులు మాత్రమే వేయవలసిన ధూపమును తానే వేయుటకు ఆలయములోనికి వెళ్లెను. అజర్యాయు, అతనితో 80 మంది యాజకులును అడ్డగించిరి. రాజు వారిమీద కోపపడుచుండగానే అతని నొసట కుష్ఠము కనబడెను. మరణము వరకు ప్రత్యేకమైన ఇంటిలో నివసించెను.

ఈ వ్యాధి కలిగినవారిని పాపులని ఎవరును అనకూడదు. నేడు కుష్ఠు మందులతో పూర్తిగా నయమగుచున్నది. అయితే ఉజ్జియా విషయములో నొసలు అను మాటను గమనించండి. ప్రధాన యాజకుడు నొసట బంగారు రేకు ధరించెడివాడు. యెహోవా పరిశుద్ధతను తెలుపు మాట దానిమీద చెక్కబడి యుండెను. పరిశుద్ధత కనబడవలసిన చోటనే రాజు గర్వము బయలుపడెను.

1931లో సుకెనిక్ అను పురావస్తు శాస్త్రజ్ఞుడు ఒలీవల కొండమీదనున్న ఒక రష్యా మఠములో ఒక రాతిపలకను గుర్తించెను. రాజు చనిపోయిన శతాబ్దముల తరువాత చెక్కిన ఆ పలక అడుగుకు కొంచెము మించినది. ఉజ్జియా ఎముకలు అక్కడికి తేబడినవనియు, తెరువరాదనియు దానిమీద అరామిక్ భాషలో ఉన్నది. మనిషి తనకు తాను కట్టుకొన్న గొప్పతనము అంతే!

రెండవవాడు యెషయా. ఆ రాజు మృతినొందిన సంవత్సరముననే అతడు మరణములేని రాజును సింహాసనాసీనుడుగా చూచెను. సెరాపులు సైతము ముఖములు కప్పుకొనిరి. తాను అపవిత్రమైన పెదవులు గలవాడనని యెషయా కేక వేసెను. దేవుడు అతనిని త్రోసివేసెనా? లేదు. బలిపీఠము మీది నిప్పు ఆ పెదవులనే తాకెను. అతడు సిగ్గుపడిన పెదవులే దేవుని మాట పలుకు పెదవులాయెను.

హెబ్రీ భాషలో మహిమకు "కాబోద్" అను మాట వాడుదురు. దానికి మూలార్థము బరువు. మనిషికి బరువు దేవుని నుండియే వచ్చును. పూర్వము ఐగుప్తు మొదలగు దేశములలో ముఖ్యముగా రాజును దేవుని ప్రతిరూపమనెడివారు. ఆదికాండము మొదటి అధ్యాయమైతే ఆ ఘనతను స్త్రీకిని పురుషునికిని, అందరికిని ఇచ్చినది. కూలివానికిని ఉన్నది, వితంతువుకును ఉన్నది. దానిని మార్కుల పట్టీ ఇవ్వలేదు, జీతము ఇవ్వలేదు, కులము తీసివేయలేదు.

చంద్రుని చూడండి. దాని నేల తారురోడ్డు వలె నల్లనిది. స్వంత వెలుగు లేదు. అయినను సూర్యునివైపు తిరిగియున్నందున మన రాత్రికి వెన్నెల ఇచ్చుచున్నది. మన పని వెలుగును పుట్టించుట కాదు, వెలుగువైపు తిరిగియుండుట.

అయితే పాపము చేత ఆ పోలిక మనలో మసకబారినది. అందుకే అదృశ్యదేవుని స్వరూపియైన క్రీస్తు వచ్చెను. కుష్ఠము నొసట కనబడగానే ఉజ్జియా ఆలయము నుండి వెళ్లగొట్టబడెను. యేసు అయితే తనయొద్దకు వచ్చిన కుష్ఠరోగిని చేయిచాపి ముట్టెను. అపవిత్రత ఆయనను అంటలేదు. ఆయన పరిశుద్ధతయే ఆ మనిషిని శుద్ధునిగా చేసెను.

ప్రియ సోదరీ, సోదరుడా, ఎవరో నీకు కట్టిన వెలను చూచుకొని క్రుంగిపోకుము. నీకు నీవే కట్టుకొన్న వెలను చూచి అతిశయింపకుము. ఈ రాత్రి నీవు సిగ్గుపడు సంగతినే ఆయన యెదుట పెట్టుము. రేపు నీ ఇంటిలో అందరికంటె తక్కువగా చూడబడువారిని దేవుని పోలికగలవారిగా ఎంచి, ప్రేమతో పలకరించుము. పరిశుద్ధత అక్కడ కనబడును.

ప్రార్థన చేద్దాము. పరిశుద్ధుడవైన తండ్రీ, మా గర్వమును క్షమించుము, మా సిగ్గును తాకుము. నీ మహిమ మాలో కనబడునట్లు మమ్మును నీవైపు త్రిప్పుము. యేసు నామములో అడుగుచున్నాము. ఆమేన్.