ఎవరి చేతిలో ఆగిపోతోంది?

 పట్టాలు అందుకుంటున్న మీ అందరికీ మనసారా అభినందనలు.

మీలో చాలామంది జేబుల్లో ఉన్న ఆండ్రాయిడ్ గురించి మాట్లాడదామని వచ్చాను. దానిది దాదాపు మీ వయసే. 2003 అక్టోబరులో కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో ఆండీ రూబిన్, రిచ్ మైనర్, నిక్ సియర్స్, క్రిస్ వైట్ కలిసి పెట్టిన చిన్న కంపెనీ అది. మొదట్లో వాళ్లు చేయాలనుకున్నది డిజిటల్ కెమెరాలకు సాఫ్ట్‌వేర్. ఆ మార్కెట్ సరిపోదని తేలి ఫోన్ల వైపు మళ్లారు. 2005లో గూగుల్ ఆ కంపెనీని కొన్నది. 2008 సెప్టెంబరులో 1.0 వెర్షన్, ఆ వెంటనే హెచ్‌టీసీ డ్రీమ్ అనే మొదటి ఫోన్ వచ్చాయి. ఆ ఫోన్‌లో తెర మీద టైపు చేయడానికి కీబోర్డే లేదు. తెరను పక్కకు జరిపితే కింద నుంచి మీటలు బయటపడేవి.

అక్కడి నుంచి 2025 జూన్‌లో వచ్చిన 16వ వెర్షన్ దాకా జరిగిన ప్రయాణంలో చాలా భాగాన్ని మిఠాయిల పేర్లతో వరసగా చెప్పవచ్చు. కప్‌కేక్, డోనట్, జింజర్‌బ్రెడ్, కిట్‌క్యాట్... మీకు నాకంటే బాగా తెలుసు. ఈ చరిత్రను నేను మాత్రం ఒకే ప్రశ్న పట్టుకుని చదువుతాను. ఈ ఫోన్ ఎవరి చేతిలో ఆగిపోతోంది? నా దృష్టిలో, ఆండ్రాయిడ్ నిజంగా ఎదిగిన ప్రతిసారీ ఈ ప్రశ్నను ఎవరో ఒక ఇంజినీరు పట్టించుకున్నారు.

2009 ఏప్రిల్‌లో వచ్చిన 1.5నే తీసుకోండి. తెర మీద కీబోర్డు వచ్చింది. అంతకంటే పెద్ద సంగతి, ఆ కీబోర్డును బయటివాళ్లు కూడా తయారుచేసుకునే వీలు కల్పించారు. ఆ తలుపు తెరిచి ఉంచబట్టే తర్వాత రోజుల్లో మన తెలుగు కీబోర్డులు లోపలికి రాగలిగాయి.

అయితే టైపు చేయడం ఒక ఎత్తు, టైపు చేసింది కనిపించడం ఒక ఎత్తు. మీ అన్నయ్యలను, అక్కయ్యలను అడగండి. 2010 ప్రాంతంలో చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో తెలుగు వెబ్‌సైటు తెరిస్తే డబ్బాలు డబ్బాలుగా కనిపించేది. ఒపెరా మినీ బ్రౌజర్‌లో ఎక్కడో లోపల ఉన్న ఒక సెట్టింగ్ మార్చి, అక్షరాలను బొమ్మలుగా తెప్పించుకుని తెలుగు వార్తలు చదివేవాళ్లం. ఆ చిట్కా ఒకరి నుంచి ఒకరికి నోటి మాటగా పాకింది.

ఫాంటు ఒక్కటి ఉంటే సరిపోతుందా? సరిపోదు. 'స్త్రీ' అనే ఒక్క అక్షరాన్ని దగ్గరగా చూడండి. ఫోన్ మెమరీలో అది ఆరు ముక్కలు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం. ఈ ఆరింటినీ వచ్చిన వరసలో అతికిస్తే తెలుగు అవదు. అన్నిటికంటే చివర ఉన్న గుడి దీర్ఘం వెనక్కి వెళ్లి మొదటి 'స' తల మీద కూర్చోవాలి. తకారం తావత్తుగా, రకారం రావత్తుగా రూపం మార్చుకుని తమ తమ చోట్లకు చేరాలి. రెండు పొల్లులూ మాయమైపోవాలి. ఇదంతా మీరు తెరను వేలితో పైకి తోసే సమయంలో, పేజీలో ఉన్న ప్రతి అక్షరానికీ జరగాలి. ఆండ్రాయిడ్‌లో ఈ పని చేసే సాఫ్ట్‌వేర్ పేరు హార్ఫ్‌బజ్. దాని ప్రధాన రూపకర్త బెహ్దాద్ ఎస్ఫహ్‌బోద్ ఇరాన్‌లో పుట్టినవాడు. తెలుగు తన భాష కాకపోయినా మన ఒత్తుల క్రమాన్ని ఓపికగా కోడ్‌లోకి ఎక్కించాడు. ఆ ఓపికకు నేను చేతులెత్తి నమస్కరిస్తాను.

2012లో వచ్చిన 4.1 వెర్షన్, జెల్లీ బీన్, 'ప్రాజెక్ట్ బటర్' వల్ల పేరు తెచ్చుకుంది. సెకనుకు 60 చిత్రాలు గీయాలంటే ఒక్కో చిత్రానికి దొరికేది దాదాపు 16 మిల్లీసెకన్లు. ఆ గడువులో పని ముగిసేలా చూసి తెర తడబాటును తగ్గించారు. పత్రికలన్నీ దాన్నే మెచ్చుకున్నాయి. అదే వెర్షన్‌లో చేర్చిన సౌకర్యాల మధ్య ఒక చిన్న వాక్యం ఉంది: కన్నడ, తెలుగు, మలయాళ భాషలకు మద్దతు. నా మటుకు నాకు ఆ వెర్షన్‌లో అసలు వార్త అదే. తర్వాత 2014లో 5.0 వచ్చేసరికి ఫోన్ మెనూలు, సెట్టింగులు కూడా తెలుగులోకి మారాయి.

ఈ పని ఎంత నాజూకైనదో ఇంకో ఇంటి ఉదాహరణ చెబుతుంది. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లలో ఐఓఎస్ 11 నడుస్తోంది. 'జ్ఞా' అనే తెలుగు అక్షరం మధ్యలో కంటికి కనబడని ఒక కోడ్ గుర్తు చేరి సందేశంగా వస్తే, దాన్ని గీయబోయిన యాప్ అక్కడికక్కడే మూతపడేది. నోటిఫికేషన్‌గా వస్తే ఫోన్ హోమ్ స్క్రీనే కుప్పకూలేది. ఆపిల్ ఆ నెల 19న 11.2.6 విడుదల చేసి సరిచేసింది. అంత ఖరీదైన ఫోన్లను ఒక్క సంయుక్తాక్షరం నిలబెట్టేసింది. ఆ అక్షరాన్ని ఆ రూపంలో పరీక్షించి చూసినవాళ్లు లేకపోవడమే అంత పనీ చేసింది.

భాష తర్వాత డబ్బు. 2013 నాటికి కొత్త వెర్షన్లు బరువెక్కాయి. 512 ఎంబీ ర్యామ్ ఉన్న చౌక ఫోన్లు వాటిని మోయలేక 2010 నాటి జింజర్‌బ్రెడ్ దగ్గరే ఉండిపోయాయి. అప్పుడు 4.4 కిట్‌క్యాట్ కోసం 'ప్రాజెక్ట్ స్వెల్ట్' మొదలుపెట్టారు. కోడ్‌లో ఎక్కడెక్కడ మెమరీ వృథా అవుతోందో వెతికి కోసేశారు. వాడని మెమరీని కుదించి దాచుకునే పద్ధతి తెచ్చారు. 'నేను తక్కువ ర్యామ్ ఫోన్‌లో ఉన్నానా' అని యాప్ తనంతట తానే అడిగి తెలుసుకునే ఏర్పాటు చేశారు. కొత్త వెర్షన్ అంటే అదనంగా ఏదో తగిలించడమేనని అందరూ అనుకునే రంగంలో, తగ్గించడమే లక్ష్యంగా పెట్టుకుని చేసిన వెర్షన్ అది. నాకు అన్నిటికంటే ఇష్టమైనదీ అదే. మరుసటి ఏడాది సెప్టెంబరులో సుందర్ పిచాయ్ ఢిల్లీలో ఆండ్రాయిడ్ వన్ ఫోన్లను విడుదల చేశారు. మైక్రోమ్యాక్స్, కార్బన్, స్పైస్ కంపెనీలు తయారుచేసిన ఆ ఫోన్లు 6,399 రూపాయల నుంచి దొరికాయి.

5.0లో ఇంకో పెద్ద మార్పు జరిగింది. యాప్‌లను నడిపే యంత్రాన్నే మార్చేశారు. డాల్విక్ పోయి ఏఆర్‌టీ వచ్చింది. అద్దెకున్నవాళ్లు ఇంట్లో ఉండగానే పునాది మార్చినట్టు, లక్షల కొద్దీ యాప్‌లు నడుస్తుండగానే చేసిన పని ఇది. మొదట ఇన్‌స్టాల్ చేసేటప్పుడే కోడ్ మొత్తాన్నీ కంపైల్ చేసేవారు. దానివల్ల అప్‌డేట్ అయిన ప్రతిసారీ జనం చాలాసేపు ఎదురుచూడాల్సి వచ్చింది. రెండేళ్లకు 7.0లో ఆ పట్టు సడలించారు. ఎక్కువగా వాడే భాగాలనే ముందు కంపైల్ చేసే మధ్యేమార్గం ఎంచుకున్నారు. తాము వదిలేసిన పద్ధతిలో ఉన్న మంచిని మళ్లీ తెచ్చుకోవడానికి వాళ్లు సిగ్గుపడలేదు.

ఇక అన్నిటికంటే కష్టమైన విషయానికి వస్తాను. 2015 జులైలో జాషువా డ్రేక్ అనే పరిశోధకుడు 'స్టేజ్‌ఫ్రైట్' లోపాలను బయటపెట్టాడు. మీ నంబరు తెలిస్తే చాలు, ఒక మల్టీమీడియా సందేశం పంపి ఫోన్‌లోకి చొరబడవచ్చు. మీరు దాన్ని తెరవనక్కర్లేదు కూడా. కోట్ల ఫోన్లలో ఆ లోపం ఉంది. దాన్ని సరిచేసే కోడ్ గూగుల్ దగ్గర ఉంది. కానీ అది ఫోన్‌కు చేరేదెలా? గూగుల్ నుంచి చిప్ తయారీదారుకు, అక్కడి నుంచి హ్యాండ్‌సెట్ కంపెనీకి, కొన్ని దేశాల్లో మొబైల్ ఆపరేటర్‌కు, చివరికి మనిషికి. ఈ గొలుసులో ఎవరు ఆగినా మందు రోగికి చేరదు. ఆగస్టు నుంచే నెలనెలా భద్రతా అప్‌డేట్ల పద్ధతి మొదలైంది. అయినా గొలుసు గొలుసుగానే ఉంది. 2017లో 8.0 ఓరియోతో వచ్చిన 'ప్రాజెక్ట్ ట్రెబుల్' ఆ గొలుసు మీదే దెబ్బ వేసింది. చిప్‌కు సంబంధించిన కోడ్‌నూ ఆండ్రాయిడ్ అసలు కోడ్‌నూ విడదీసి, రెంటి మధ్య స్థిరమైన హద్దు గీసింది. దానివల్ల చిప్ కోడ్‌ను ముట్టుకోకుండానే పై భాగాన్ని మార్చే వీలు కలిగింది. 10వ వెర్షన్‌లో కొన్ని భాగాలు ప్లే స్టోర్ దారిలోనే నేరుగా అందడం మొదలైంది. ఈ పనుల కోసం ఎవరూ షాపు ముందు వరసలో నిలబడలేదు. వీటికి కొత్త ఐకాన్లు కూడా లేవు.

10 దగ్గరే మిఠాయి పేర్లను కూడా ఆపేశారు. ఆ పేర్లు అన్ని దేశాల వాళ్లకూ అర్థం కావడం లేదని గూగుల్ చెప్పింది. మంచి నిర్ణయం.

పని పూర్తయిందని మాత్రం అనుకోకండి. 2023, 2024లలో గూగుల్, శామ్‌సంగ్ తమ ఖరీదైన ఫోన్లకు ఏడేళ్ల అప్‌డేట్లు ప్రకటించాయి. చౌక ఫోన్ కొన్నవాళ్లకు ఆ భరోసా లేదు. ఆ ఫోన్‌తోనే రైతు మందుల దుకాణంలో యూపీఐ చెల్లిస్తున్నాడు, ఆ ఫోన్‌లోనే అతని బ్యాంకు ఖాతా ఉంది. ఆ ఫోన్ పాతబడటం వాళ్ల తప్పు కాదు. ఈ విషయంలో నాకు కోపం ఉంది. మీకూ రావాలని కోరుకుంటున్నాను.

మీలో కొందరు వచ్చే నెలలోనే ఉద్యోగాల్లో చేరుతున్నారు. మీ టీము వాడే టెస్టింగ్ ఫోన్ల జాబితా అడిగి చూడండి. అందులో 2 జీబీ ర్యామ్ ఫోన్ లేకపోతే ఒకటి తెప్పించమని పట్టుబట్టండి. దాని భాషను తెలుగులోకి మార్చి మీ యాప్ తెరవండి. బటన్ల మీద మాటలు సగంలో తెగిపోయి, ఒత్తుల కింది భాగం గీత కింద కోతపడి కనిపిస్తే, అది ఇంగ్లీషు అక్షరాల ఎత్తుకు కొలిచి చేసిన డిజైన్ అన్నమాట. స్క్రీన్‌షాట్ తీసి బగ్ రాయండి. 'తెలుగు వాడేవాళ్లు తక్కువ' అని మూసేస్తే మళ్లీ తెరవండి. హార్ఫ్‌బజ్ కోడ్, నోటో తెలుగు ఫాంట్లు అందరికీ తెరిచే ఉన్నాయి. వాటిని సరిదిద్దడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఇన్నాళ్లూ మన అక్షరాల పనిని ఎక్కువగా వేరే భాషలవాళ్లు చేసిపెట్టారు. ఈ సంవత్సరం నుంచి ఆ మార్పుల చిట్టాలో మీ పేర్లు చూడాలని నా కోరిక.