నలభై ఎనిమిది నాటి లెక్క



యుద్ధ నేరాలనగానే న్యూరెంబర్గ్ అంటారు. అంత దూరమెందుకు? 1948 సెప్టెంబరు పోలీసు చర్య దరిమిలా జరిగిన హత్యాకాండను పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ ప్రభృతులు తొమ్మిది జిల్లాలు తిరిగి విచారించారు. మృతులు 27 వేల నుంచి 40 వేల దాకా అని వారి అంచనా. ప్రాణాలకు తెగించి పొరుగు ముస్లింలను కాపాడిన హిందువుల సంగతీ అందులో ఉంది. నివేదిక మాత్రం దశాబ్దాలు బయటికి రాలేదు.

రజాకార్ల నాయకుడు ఖాసిం రజ్వీకి విచారణ జరిగింది, జైలు పడింది. సబబే. భైరాన్‌పల్లిలో చచ్చినవాళ్లూ మనవాళ్లే. మరి ఈ హంతకుల మాటేమిటి?

జాతి నిర్మూలన ఒప్పందాన్ని మన దేశం 1959లో ధ్రువీకరించింది. అమలుకు ప్రత్యేక చట్టం నేటికీ లేదు. హేగ్ అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు 2002కు ముందటి నేరాలను ముట్టదు.

కనుక మేము కోరేది, మీ ఇళ్లలో ముసలివాళ్లు చెప్పిన పేర్లు, ఊళ్లు రాసి సొసైటీకి ఇవ్వండి.