చిన్న తెఱచాప పడవకు రాడారు
(వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



వ్యాకరణము బోధించుచు జీవితము గడపిన ముదుసలి యొకడు సముద్రయాన సాధనములను గూర్చి ప్రసంగించుట మీకు వింతగా తోచవచ్చును. కాని 2017 సెప్టెంబరులో గోవానుండి బయలుదేఱి, 2018 మే నెలలో భూప్రదక్షిణము ముగించిన 'తారిణి' యను భారత నౌకాదళపు తెఱచాప పడవను నడపిన ఆఱుగురు మహిళలలో విశాఖపట్టణపు స్వాతియు, హైదరాబాదు ఐశ్వర్యయు నుండిరి. ఇట్టి దృష్టాంతములను జూచి సముద్రయానమం దుత్సాహము గొన్న యువజనులు మనలోను గలరు. విదేశములలో స్థిరపడి సొంత పడవలు కొనువారును గలరు. పొగమంచులోను, చీకటిలోను పడవకు కన్నుగా నుండు రాడారును ఎట్లు ఎన్నుకొనవలయునో, ఎట్లు అమర్చవలయునో వారికి దెలుపుట నా యుద్దేశము.

రాడారు తత్త్వము ప్రతిధ్వని తత్త్వమే. కొండ యెదుట నిలిచి కేక వేసినచో శబ్దము మరలివచ్చునట్లు, రాడారు పంపిన రేడియో తరంగము ఎదుటి వస్తువును తాకి మరలివచ్చును. ఆ తరంగవేగము సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు. ఒక నాటికల్ మైలు, అనగా 1852 మీటర్లు, దూరమందలి వస్తువును తాకి వచ్చుటకు సెకనులో పదిలక్షలవ వంతులు 12 మాత్రమే పట్టును. ఆ కాలమును గణించి యంత్రము దూరమును జెప్పును. తిరుగుచుండు ఏంటెనా దిక్కును జెప్పును.

ఇక ఎన్నిక విషయము. అంగడివారు '24 మైళ్ల రాడారు', '36 మైళ్ల రాడారు' అని చెప్పుదురు. ఆ సంఖ్యలకు లోబడరాదు. భూమి గుండ్రముగా నున్నది గదా! ఏంటెనా యెత్తునకును, ఎదుటి వస్తువు ఎత్తునకును మీటర్లలో వర్గమూలములు గట్టి, కూడి, 2.2తో గుణించిన వచ్చునదే కనిపించు దూరము. ఏంటెనా 4 మీటర్ల యెత్తున, ఎదుటి యోడ 9 మీటర్ల యెత్తున నున్నచో, 2యును 3యును కలిసి 5. దూరము 11 నాటికల్ మైళ్లు. ఏంటెనాను 9 మీటర్లకు లేపినను 13 మైళ్లే. లాభము స్వల్పము, కొయ్యపై బరువు పెరిగి పడవ యూగుట మాత్రము అధికము.

అంతకంటె ముఖ్యమైనది ఏంటెనా వెడల్పు. 18 అంగుళముల గుండ్రని పెట్టెలోని ఏంటెనా కిరణము సుమారు 5 డిగ్రీల వెడల్పు గలది. ఒక మైలు దూరమున నది 160 మీటర్లు వ్యాపించును. కావున 100 మీటర్ల యెడముతో ప్రక్కప్రక్కన పోవు రెండు పడవలు ఒకే మచ్చగా గనిపించును. పడవ మోయగలిగినచో 24 అంగుళములది మేలు.

మూడవది విద్యుత్తు. పూర్వపు మాగ్నెట్రాన్ రాడారులు కాగి సిద్ధమగుటకు నిమిషమునకు పైగా బట్టును. విద్యుత్తును హెచ్చుగా దినును. ఇప్పటి సాలిడ్‌స్టేట్ రాడారులు త్వరగా మేల్కొని, దగ్గఱి వస్తువులను బాగుగా జూపును. 12 వోల్టుల బ్యాటరీపై 20 వాట్ల యంత్రము దినమంతయు నడచినచో సుమారు 40 ఆంపియర్-గంటలు ఖర్చగును. 36 వాట్లదైనచో 72. ఇంజను నాపి గాలిపై సాగువానికి ఈ లెక్క ప్రధానము.

అమరిక మాట. తెఱచాప కొయ్య ముందువైపున బిగించినచో ఎత్తు లభించును గాని, కొయ్య చాటున కొంత భాగము మఱుగుపడును. చాప రాపిడినుండి రక్షణ కావలయును. వెనుకభాగమున ప్రత్యేక స్తంభముపై నిలిపినచో మరమ్మతు సులభము. అచ్చట కూర్చుండువారి తలలకంటె నది ఎత్తుగా నుండవలయును. కిరణము నిలువున సుమారు 25 డిగ్రీలు మాత్రమే. పడవ గాలికి 20 డిగ్రీలు వ్రాలినచో గాలివైపు కిరణము ఆకసమును, రెండవ వైపుది దగ్గఱి నీటిని జూచును. అప్పుడు గాలివైపునుండి వచ్చు నోడలు సరిగా గానరావు. కావున పడవ వ్రాలినను తాను సమముగా నిలుచు పీటము అమర్చుట మంచిది. లేనిచో అప్పుడప్పుడు చాపలు సడలించి, పడవను నిలువుగా జేసి పరికింపవలయును. తీగె లోనికి పోవుచోట క్రిందికి వంపు విడిచిన వాననీరు చొరదు. దిక్సూచికి యంత్రమును దూరముగా నుంచవలయును. పిదప తెలిసిన బోయా నొకదానిని సరిగా ముందుంచుకొని, తెరమీది మచ్చ ముందుగీతపై బడునట్లు సరిచేయవలయును.

ఇంత చేసినను కార్యము ముగియలేదు. ఏ.ఐ.యస్. అను సాధనము తన యునికిని తాను చాటు నోడలనే చూపును. చాటలేని బీద జాలరి పడవను చూపగలది రాడారే. కాని కొయ్యపడవ, ఫైబరు పడవల ప్రతిధ్వని బలహీనము. అలల మచ్చలు చీకాకుగా నున్నవని వానిని అణచు మీటను అధికముగా ద్రిప్పినచో, ఆ జాలరియు వానితోపాటు తెరపై నదృశ్యుడగును.

సరయూతీరమున దశరథుడు చీకటిలో కుండ నిండు చప్పుడు విని, ఏనుగని భ్రమించి బాణము విడువగా మునికుమారుడు కూలెను. ఆ రాజునకు శబ్దవేధ విద్య లోపింపలేదు. చూచి నిర్ధారించు ఓర్పు లోపించెను. 1956 జూలై 25వ తేదీ రాత్రి అమెరికా తీరమున 'ఆండ్రియా డోరియా', 'స్టాక్‌హోమ్' అను మహానౌకలు ఢీకొని 51 మంది మృతి చెందిరి. రెండు నౌకలయందును రాడారు గలదు! 1972 నాటి అంతర్జాతీయ నౌకాగమన నియమములలో 5వది కన్నుతోను చెవితోను సదా కావలి యుండుమనుచున్నది. 7వది చాలీచాలని రాడారు సమాచారముపై ఊహలు కట్టవలదనుచున్నది. ఎదుటి మచ్చ దిక్కు మాఱక దూరము మాత్రము తగ్గుచున్నచో ప్రమాదమని గ్రహింపవలయును. ఈ యభ్యాసము నిర్మలమైన పగటివేళ, కంటికి కనబడుదానితో తెరను పోల్చుచు జేయదగినది.

పోషకులకు నొక విన్నపము. మూడు లోహపు పలకలను ఒండొంటికి నిలువుగా గూర్చిన ప్రతిఫలకము కొయ్యకు గట్టినచో చిన్న పడవయు రాడారునకు స్పష్టముగా గనిపించును. దానికి విద్యుత్తు అక్కఱలేదు. మన తీరపు నాటుపడవలకు వీనిని సమకూర్చుట పుణ్యకార్యము. చూచువానికి కన్నిచ్చుట యెంతయో, కనబడనివానిని కనబడజేయుటయు నంతయే.