రెండు రోజుల్లో ఏం చూడాలి?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



స్వర్ణోత్సవం సందర్భంగా సంఘం తరఫున తొమ్మిదో తరగతి పిల్లలను వచ్చే నెల హైదరాబాదు తీసుకెళ్తున్నారు. రెండు రోజులు. నేను అక్కడ ఉంటున్నాను కాబట్టి కార్యక్రమం నన్ను వేయమన్నారు. కార్యదర్శి గారు పిల్లల చేత ఏం చూడాలనుందో చీటీల మీద రాయించి పంపించారు. 42 చీటీలు. అందులో 31 చీటీల్లో ఎవరో ఒక హీరో ఇల్లు ఉంది. ఒకడైతే హీరో పేరు రాసి, కింద "బయటికి వచ్చేదాకా ఆగుదాం సార్" అని కూడా రాశాడు. వాడు చెయ్యెత్తక్కర్లేదు, పేరు చెప్పను.

ఆ చీటీ చూసి నవ్వొచ్చింది. 43 ఏళ్ల క్రితం ఆ మాట అన్నది నేనే.

1981 డిసెంబరు. నేను తొమ్మిదో తరగతి లీడరుని. తిరుపతి, మద్రాసు ఎక్స్‌కర్షన్. మనిషికి 65 రూపాయలు, ఎవరి పులిహోర వాళ్లదే. ఈ తరం పిల్లలకు ఒక సంగతి చెప్పాలి. తిరుమలలో గుండు కొట్టించుకుని, కొండ దిగి, అదే బస్సులో మద్రాసు వెళ్లి ఎన్టీ రామారావు గారిని చూసి రావడం అప్పట్లో మన జిల్లాల వాళ్లకు యాత్రలో భాగం. మన రాష్ట్రం వేరుపడి అప్పటికి పాతికేళ్లు దాటినా తెలుగు సినిమా చాలావరకు మద్రాసులోనే ఉండేది. స్టూడియోలు కోడంబాకం, వడపళని వైపు. ఆయన ఇల్లు త్యాగరాయనగర్‌లో బజుల్లా రోడ్డులో. తెల్లవారుజామునే లేచి, షూటింగుకు బయల్దేరే ముందు, వచ్చిన జనానికి కనిపించేవారని ప్రతీతి. పైన వేంకటేశ్వరుడు, కింద వేంకటేశ్వరుడి వేషం కట్టినాయన. బస్సువాళ్లు ఈ రెండు దర్శనాలూ కలిపే బేరం మాట్లాడుకునేవారు.

మమ్మల్ని తీసుకెళ్లింది సోషల్ మాస్టారు. ఆయన చేతిలో చదివినవాళ్లు ఈ హాల్లో సగం మంది ఉన్నారు, పేరు చెప్పక్కర్లేదు. ఆయన మద్రాసు బయల్దేరింది ఒకే ఒక్క పనికి: ఎగ్మోరు మ్యూజియంలో అమరావతి రాళ్లు చూపించడానికి. అమరావతి మనకు బస్సులో గంట దూరం. అక్కడికి వెళితే మట్టిదిబ్బ, నాలుగు పలకలు. రాళ్లలో చాలా భాగం మద్రాసులో. 1845లో వాల్టర్ ఎలియట్ అనే దొర తవ్వించి పంపించినవి, ఆ తర్వాత తవ్వకాల్లో బయటపడ్డవి. వాటిలో కొన్ని 1859లో ఓడెక్కి లండన్ చేరాయి. "రాయి మన పల్నాటిది, చెక్కింది మనవాళ్లు, చూడాలంటే మాత్రం మద్రాసు టిక్కెట్టు కొనాలి" అనేవారాయన. రెండు నెలల ముందు నుంచి ఒక లాంగ్ నోట్‌బుక్కులో ఆ శిల్పాల బొమ్మలు పెన్సిలుతో వేసుకుంటూ కూర్చునేవారు.

గురువారం తెల్లవారకముందే మద్రాసు చేరాం. మాస్టారి లెక్క ప్రకారం పొద్దున మ్యూజియం, సాయంత్రం సముద్రం, మర్నాడు పొద్దున బజుల్లా రోడ్డు, ఆ తర్వాత తిరుగు ప్రయాణం. బస్సులో నేను లేచి నిలబడి, "ముందు ఎన్టీఆర్‌ని చూద్దాం అనేవాళ్లు చేతులెత్తండి" అన్నాను. డ్రైవరు కూడా ఎత్తాడు.

వెళ్లేసరికి ఆయన అప్పటికే షూటింగుకు వెళ్లిపోయారట. స్టూడియోలో దొరుకుతారని ఎవరో అంటే అటు పోయాం. ఏవీఎం గేటు బయట గంటన్నర నిలబడ్డాం. లోపలికి కార్లు పోతున్నాయి, ప్రతి కారుకూ మేం అరుస్తున్నాం, అద్దాల్లో ఎవరున్నారో తెలియదు. అక్కడి నుంచి ఇంకో స్టూడియో. భోజనాలయ్యేసరికి మూడు. "మ్యూజియం రేపు చూద్దాం మాస్టారూ" అని మళ్లీ చేతులెత్తించాను. మాస్టారు నోట్‌బుక్కు సంచిలో పెట్టేశారు.

శుక్రవారం తెల్లవారుజామున మళ్లీ బజుల్లా రోడ్డు. వీధి నిండా బస్సులు, గుండ్లు. చంటిపిల్లలను భుజాన వేసుకున్న ఆడవాళ్లు, చేతికర్రలతో ముసలివాళ్లు. మా బస్సులో సామాన్లకు తాళం వేసే వీలు లేదు కాబట్టి మాస్టారు బస్సులోనే ఉండిపోయారు. గేటు కదలగానే వెనక నుంచి ఒక్క తోపు. నా రెండు కాళ్లూ నేల మీద లేవు, ఆ సంగతి నాకిప్పటికీ గుర్తుంది. మా క్లాసువాడొకడు కింద పడ్డాడు. ఎవరో తమిళాయన చొక్కా కాలరు పట్టుకుని పైకి లాగాడు కాబట్టి బతికాడు. వాడు ఈరోజు మూడో వరుసలో కూర్చున్నాడు. ఆ గొడవలో జనం తలల మీదుగా నాకు కనిపించింది ఒక చెయ్యి. తెల్లటి చెయ్యి, పైకి లేచింది, ఊగింది. అది రామారావు గారు నమస్కారం అందుకుంటున్న చెయ్యో, జనాన్ని వెనక్కి జరగమంటున్న మనిషి చెయ్యో ఈరోజుకీ నాకు తెలియదు.

ఊరొచ్చాక మాత్రం ఆయన నన్ను చూసి నవ్వారని, ఏం చదువుతున్నావని అడిగారని చెప్పాను. తర్వాత రెండేళ్లు చెబుతూనే ఉన్నాను. చాలామందికి ఐసు ఫ్రూటు పెట్టించుకుని మరీ చెప్పాను. ఇవాళ ఈ మైకులో ఒప్పుకుంటున్నాను. ఐసు ఫ్రూట్ల బాకీ లంచ్‌లో తీర్చేస్తాను.

అక్కడి నుంచి పరుగున ఎగ్మోరు వెళ్లాం. గేటుకు తాళం. శుక్రవారం సెలవు. ఇప్పటికీ ఆ మ్యూజియానికి శుక్రవారమే సెలవు. ఫోను చేసి కనుక్కునే రోజులు కావు. మాస్టారు మమ్మల్ని తిట్టలేదు. ప్రహరీ నీడలో కూర్చోబెట్టి, నోట్‌బుక్కు తీసి, ఒక్కో బొమ్మా చూపిస్తూ పావుగంట చెప్పారు. నేను వినలేదు. పక్కవాడికి చెయ్యి సంగతి చెబుతున్నాను.

మూడు నెలలకే, 1982 మార్చి 29న రామారావు గారు పార్టీ పెట్టారు. ఏడాది తిరక్కుండా చైతన్య రథం మీద రాష్ట్రమంతా తిరిగారు, మన ఊరి మీదుగా కూడా. రోడ్డు పక్క గోడెక్కి నేనూ చూశాను. పైసా ఖర్చు లేదు, తోపులాట లేదు. నేను పదో తరగతి పరీక్షలు రాసేనాటికి ఆయన ముఖ్యమంత్రి.

ఇప్పుడు మన పిల్లల చీటీల దగ్గరకు వస్తాను. హీరోని చూడాలనుకోవడం తప్పని నేననను. ఆ మాట అనే అర్హత నాకు లేదు. కానీ నేను ఇంజినీరుని, లెక్క వేస్తాను. రెండు రోజులంటే పగటి వెలుగు 22 గంటలు. 42 మంది పిల్లలను ఒకచోట బస్సు దించి, లెక్కపెట్టి, మళ్లీ ఎక్కించి, మళ్లీ లెక్కపెట్టడానికి 20 నిమిషాలు. ఆరుచోట్ల ఆగితే రెండు గంటలు దిగడం ఎక్కడంలోనే పోతాయి. భోజనాలు, ట్రాఫిక్కు తీసేస్తే చూడటానికి మిగిలేది పది పన్నెండు గంటలు. అందులో నాలుగు గంటలు ఒక గేటు ముందు పెట్టాలా?

అప్పట్లో బజుల్లా రోడ్డులో ఒక వేళంటూ ఉండేది, ఆ వేళకు ఆయన కనిపిస్తారని జనానికి నమ్మకం. బొంబాయిలో అమితాబ్ బచ్చన్ ఆదివారం సాయంత్రాలు జుహూలో తన ఇంటి గేటు దగ్గరకు వచ్చి అభిమానులకు కనిపించే అలవాటు పెట్టుకున్నారు. వేళ తెలిస్తే వెళ్లి నిలబడటంలో అర్థముంది. జూబ్లీహిల్స్‌లో అలాంటి వేళలేం లేవు. ఎత్తు గోడ, సెక్యూరిటీ క్యాబిన్, నల్లద్దాల కారు. నేను ఇన్నేళ్లుగా ఆ ఊళ్లో ఉండి హీరోలను చూసింది రెండుసార్లు, రెండుసార్లూ ఎయిర్‌పోర్టులోనే, ఒకసారి ఆయన నా కంటే వెనక వరుసలో ఉన్నారు. వాళ్లు ఎదురుపడాలి గాని వెతికితే దొరకరు.

పోనీ, హీరో వస్తాడని ముందే చెప్పిన చోటికి పోదామంటారా? 2024 డిసెంబరు 4 రాత్రి, హైదరాబాదులో సినిమా హాలు దగ్గర తొక్కిసలాటలో ఒక తల్లి పోయింది. కొడుకుని సినిమాకు తీసుకొచ్చిన మనిషి. ఆ వార్త చదివిన రోజు నా కాళ్ల కింద నేల లేని ఆ క్షణం మళ్లీ గుర్తొచ్చింది. 42 మంది పిల్లలను అలాంటి చోటికి తీసుకెళ్లే కార్యక్రమం మీద నేను సంతకం పెట్టను. ఈ ఒక్క విషయంలో కమిటీ వారితో వాదనకు సిద్ధం.

నేను వేసిన కార్యక్రమం ఇది. వెళ్లేది శని, ఆదివారాలు. సాలార్‌జంగ్ మ్యూజియానికి కూడా శుక్రవారమే సెలవని నేను ముందే చూసుకున్నాను, ఈసారి తాళం చూసి తిరిగిరాము. మొదటిరోజు ఎండెక్కకముందే గోల్కొండ. ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే పైన బాలా హిస్సార్‌లో వినిపిస్తుంది. సగంమంది కింద, సగంమంది పైన ఉండి అది పరీక్షించి చూడాలి. 300 పైచిలుకు మెట్లున్నాయి, గురువులు కిందే ఉండి చప్పట్లు కొట్టవచ్చు. పన్నెండు గంటలకు సాలార్‌జంగ్‌లో గడియారం ముందు ఉండాలి. గంట గంటకూ చిన్న బొమ్మ బయటికొచ్చి గంట కొడుతుంది, మధ్యాహ్నం పన్నెండుసార్లు. కుర్చీలు వేసుకుని జనం దాని కోసం ఎదురుచూస్తారు. చెప్పిన వేళకు తప్పకుండా దర్శనమిచ్చే హీరో ఆ ఊళ్లో అదొక్కటే. సాయంత్రం చార్మినార్.

రెండోరోజు పూర్తిగా రామోజీ ఫిల్మ్ సిటీ. 1666 ఎకరాలు, ఊరికి దూరం, వెళితే ఆ రోజు ఇంకేమీ పెట్టుకోకూడదు. టిక్కెట్టు ఎక్కువని కోశాధికారి గారి ముఖం చూస్తే తెలుస్తోంది. మా 1983 బ్యాచ్ తరఫున సగం పెట్టుకుంటాం. అక్కడ హీరో ఉండకపోవచ్చు. అట్టతో కట్టిన రాజభవనం వెనకవైపు ఎలా ఉంటుందో పిల్లలు చూస్తారు, అది నాకు ముఖ్యం. ఇక ఆ 31 చీటీల గౌరవార్థం, శనివారం రాత్రి బసకు వెళ్లే దారిలో జూబ్లీహిల్స్ మీదుగా ఒక చుట్టు. బస్సు దిగేది లేదు. కిటికీలోంచి గేట్లు చూసుకోవచ్చు.

ఇంకొక్క సంగతి చెప్పి దిగుతాను.

2003లో కంపెనీ పని మీద లండన్ వెళ్లాను. పని ముగిశాక ఒక పూట మిగిలింది. నాతో వచ్చినవాళ్లు మైనపు అమితాబ్ పక్కన ఫోటో దిగడానికి మేడమ్ టుస్సాడ్స్‌కు వెళ్లారు. నేను బ్రిటిష్ మ్యూజియంకు వెళ్లాను, టిక్కెట్టు లేదు కాబట్టే, ఇంకో కారణం లేదు. అందులో తిరుగుతూ ఒక అద్దాల గది ముందు ఆగిపోయాను. లోపల తెల్లగా, కాస్త పచ్చ జీరతో, మన పల్నాటి రాయి. పలక మీద స్తూపం, గుమ్మం దగ్గర సింహాలు. ఆ సింహాలను నేను పెన్సిలు బొమ్మలో చూశాను, పాంథియన్ రోడ్డు ప్రహరీ కింద. వినలేదనుకున్నాను గాని కన్ను చూసిందన్నమాట. ఆ రాత్రే మాస్టారికి ఉత్తరం రాశాను. వెంటనే జవాబు రాశారు: "లండన్‌వి చూశావు సరే, మద్రాసువి చూశావా?"

2006లో మాస్టారికి కంటి ఆపరేషన్ చెన్నైలో. వాళ్ల అబ్బాయికి సెలవు దొరక్కపోతే నేను తోడు వెళ్లాను. రేపు ఆపరేషన్ అనగా ఈరోజు మాకు పని లేదు. బుధవారం. ఎగ్మోరు వెళ్లాం. పాతికేళ్ల తర్వాత ఇద్దరం ఆ గేటు దాటాం.

కళ్లు సరిగా కనిపించకపోయినా ఆయనకు ఏ రాయి ఎక్కడుందో చెప్పక్కర్లేకపోయింది. ఒక గుండ్రటి పలక ముందు చాలాసేపు నిలబడ్డారు. మదమెక్కిన ఏనుగు నళగిరి వీధిలో పడి పరుగెత్తుతోంది, జనం చెల్లాచెదురవుతున్నారు, ఒకామె భయంతో పక్కవాణ్ణి కరుచుకుపోయింది, మేడల కిటికీల్లోంచి కొందరు తొంగి చూస్తున్నారు. అదే పలకలో ఇటువైపు అదే ఏనుగు బుద్ధుడి ముందు మోకరిల్లింది. దాదాపు 1800 ఏళ్ల నాటి పని. మాస్టారు ముఖం దగ్గరగా పెట్టి, "ఆ కిటికీల్లో వాళ్లను చూడరా, వీధిలో మనుషులు చచ్చిపోతుంటే చోద్యం చూస్తున్నారు" అన్నారు. ఎప్పటిలాగే పాఠం చెప్పినట్టు గంటసేపు చెప్పారు. ఈసారి విన్నాను.

బయటికొచ్చి ఆటో ఎక్కాక, "ఏరా, బజుల్లా రోడ్డు ఇక్కడికి దగ్గరేనా?" అని అడిగారు.

నాకు అర్థం కాలేదు. ఎందుకు మాస్టారూ అన్నాను.

"ఆ రోజు సామాన్ల దగ్గర నేనే ఉన్నాను కదరా. నేను చూడలేదు."

మరి చైతన్య రథం మీద మన ఊరొచ్చినప్పుడో అంటే, "గవర్నమెంటు ఉద్యోగం చేస్తూ రాజకీయ సభకు ఎలా వెళ్తాను? తలుపులేసుకుని ఇంట్లో కూర్చున్నాను" అన్నారు. రామారావు గారి సినిమా ఒక్కటీ వదల్లేదని కూడా అప్పుడే చెప్పారు. ఐదేళ్లు ఆయన దగ్గర చదివాను, ఆ సంగతి నాకు తెలియదు. అడగాలని కూడా నాకెప్పుడూ తోచలేదు. బస్సులో చేతులెత్తించినప్పుడు ఆయన వైపు చూడలేదు.

వెళ్లాం. గేటు వేసి ఉంది. రామారావు గారు పోయి అప్పటికి పదేళ్లు. మాస్టారు ఆటో దిగి, గేటుకు ఎదురుగా కాసేపు నిలబడ్డారు. "నువ్వెక్కడ నిలబడ్డావురా?" అని అడిగారు. చూపించాను. చెయ్యి సంగతి కూడా ఉన్నదున్నట్టు చెప్పాను. నవ్వి, "చెయ్యైనా చూశావు" అన్నారు.

వచ్చే నెల ఆ రెండు రోజులకు నేను సెలవు పెట్టాను. గురువులందరూ పిల్లలతోపాటు దిగండి. సామాన్ల దగ్గర నేనుంటాను.